"డేటాబేస్ పనిచేయడం లేదు" అని రాస్తే చాలదు

ప్రశ్న: నేను తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఎర్రచందనం విత్తనాలు మొలకెత్తే తీరు నా అంశం. రోజూ పుత్తూరు నుంచి వచ్చి వెళ్తాను. మా లైబ్రరీకి వేల జర్నళ్లు ఆన్‌లైన్‌లో వస్తాయని చేరిన రోజునే చెప్పారు. కానీ రాత్రి ఇంట్లో కూర్చుని ఏ వ్యాసం తెరిచినా నలభై డాలర్ల దాకా కట్టమంటుంది. ఒక ప్రచురణ సంస్థ సైటులో నా పేరుతో ఖాతా తెరిచినా ఫలితం లేదు. లైబ్రరీలోనే కూర్చుని ఫోనులో ప్రయత్నించినా అదే మాట. డిపార్టుమెంటు కంప్యూటర్‌లో కొన్ని వ్యాసాలు తెరుచుకుంటాయి, కొన్ని అక్కడా తెరుచుకోవు. లైబ్రరీలో అడిగితే కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే లైబ్రరీనే అడగమన్నారు. మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది, జవాబు లేదు. ఆ మెయిల్ కూడా దీనితో జతచేస్తున్నాను. ఏ వ్యాసమైనా ఉచితంగా దొరికే సైటు ఒకటి ఉందని స్నేహితురాలు చెప్పింది. వాడవచ్చా? పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. అందరికీ వచ్చినది నాకే రావడం లేదేమో అనిపించి మళ్లీ వెళ్లి అడగడానికి మొహమాటంగా ఉంది.
— ఒక పరిశోధక విద్యార్థిని, పుత్తూరు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకున్నది ఒకే సమస్య అనుకుంటున్నారు. నాకు అందులో నాలుగు కనిపించాయి. ఇంట్లో తెరుచుకోకపోవడం ఒకటి, లైబ్రరీలో ఫోను మొరాయించడం ఇంకొకటి, డిపార్టుమెంటులో కొన్నే రావడం వేరొకటి. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందు కూడా వేరు. అన్నిటికీ కలిపి "పనిచేయడం లేదు" అని ఒకే పేరు పెట్టడం నాలుగో సమస్య. రెండు కార్యాలయాల మధ్య మీ చేత ప్రదక్షిణలు చేయించింది అదే.

తెలుగు మాధ్యమం గురించి రాసిన మాట నన్ను బాధపెట్టింది. ముప్పై ఏళ్లు గ్రంథాలయాల్లో పనిచేశాను. చివరి పదిహేనేళ్లు ఈ ఆన్‌లైన్ జర్నళ్ల బల్ల దగ్గరే కూర్చున్నాను. మీరు అడిగినవే అడగడానికి వచ్చినవారిలో విదేశాల్లో చదివి వచ్చిన ఆచార్యులు ఉన్నారు, కంప్యూటర్ సైన్సు అధ్యాపకులు ఉన్నారు. ఇది భాష వల్ల వచ్చే ఇబ్బంది కాదు. ఎవరైనా పక్కన కూర్చుని ఒకసారి చూపిస్తే తప్ప తెలియని సంగతి. మీకు ఎవరూ చూపలేదు, అంతే.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మీరు రోజూ బస్సులో తిరుగుతారు కనుక బస్ పాస్‌తోనే చెబుతాను. విశ్వవిద్యాలయం సొంత బస్సు ఎక్కితే ఎవరూ పాస్ అడగరు. అందులో ఉన్నవాళ్లంతా అక్కడివాళ్లేనని డ్రైవరుకు తెలుసు. పుత్తూరు ఆర్టీసీ బస్సులో మాత్రం కండక్టర్‌కు పాస్ చూపాలి. మనిషి మీరే, గుర్తింపు కార్డూ మీదే, అయినా చూపాలి. ప్రచురణ సంస్థల సైట్లు కూడా ఇలాగే నడుస్తాయి. క్యాంపస్ నెట్‌వర్క్‌కు ఐపీ చిరునామా అనే అంకెల వరుస ఉంటుంది. లైబ్రరీ ఆ అంకెలను ప్రచురణ సంస్థలకు ముందే ఇచ్చి ఉంచుతుంది. ఆ అంకెల నుంచి ఎవరు వచ్చినా పేరు, ఊరు అడగకుండా లోపలికి రానిస్తారు. మీరు ఇంట్లో ఫోను హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ కలిపినప్పుడు సైటుకు కనిపించేది విశ్వవిద్యాలయం అంకెలు కాదు, మీ ఫోను కంపెనీవి. వచ్చింది మీరేనని దానికి తెలిసే దారి లేదు. దారిన పోయేవారికి చూపే ధరల పట్టికనే మీకూ చూపిస్తుంది.

ఇంటి నుంచి చూపవలసిన పాస్ ఏమిటంటే లైబ్రరీ ఇచ్చే రిమోట్ యాక్సెస్ లాగిన్. ఇది ఒక్కో సంస్థలో ఒక్కో రూపంలో ఉంటుంది. కొన్నిచోట్ల ప్రాక్సీ సర్వర్ పెడతారు. మీరు ముందు అందులో లాగిన్ అయితే, అది తన అంకెలతో మిమ్మల్ని సైటు దగ్గరికి తీసుకెళ్తుంది. కొన్నిచోట్ల వీపీఎన్ ఇస్తారు, అంటే మీ కంప్యూటర్‌ను ఇంటి నుంచే క్యాంపస్ నెట్‌వర్క్‌కు కలిపే ఏర్పాటు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇందుకోసమే తయారైన సాఫ్ట్‌వేర్ కొని, ఒక్కొక్కరికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తాయి. మన దేశంలో చాలా విద్యాసంస్థలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ అనే ఏర్పాటు ఉంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అంటే విశ్వవిద్యాలయాల లైబ్రరీలను కలిపి చూసే కేంద్రం, గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. ఇన్‌ఫెడ్ ఉన్నచోట పని ఇలా జరుగుతుంది. జర్నల్ సైటులో "మీ సంస్థ ద్వారా ప్రవేశించండి" అనే అర్థం వచ్చే ఆంగ్ల బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి మీ విశ్వవిద్యాలయం పేరు వెతికి ఎంచుకోవాలి. అప్పుడు లాగిన్ పేజీ వస్తుంది. అక్కడ లైబ్రరీ ఇచ్చిన వివరాలు వేస్తే మళ్లీ మీ వ్యాసం దగ్గరికే చేరుతారు, ఈసారి ధర కనిపించదు.

ఆ పేజీలో మీ జీమెయిల్ పాస్‌వర్డ్ పనిచేయదు, ప్రచురణ సంస్థ సైటులో మీరు తెరిచిన ఖాతా పాస్‌వర్డ్ కూడా పనిచేయదు. ఈ రెండో దాని దగ్గర చాలామంది పొరపడతారు. ఆ ఖాతా మీ సొంతానిది. నచ్చిన వ్యాసాల జాబితా దాచుకోవడానికి, కొత్త సంచిక వచ్చినప్పుడు కబురు అందుకోవడానికి అది పనికివస్తుంది. విశ్వవిద్యాలయం కట్టిన చందాతో దానికి ఏ సంబంధమూ లేదు. పది సైట్లలో పది ఖాతాలు తెరిచినా పది పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే బాధే మిగులుతుంది.

కాబట్టి లైబ్రరీలో మీరు అడగవలసిన వాక్యం ఇది: "ఇంటి నుంచి వాడుకోవడానికి నాకు రిమోట్ యాక్సెస్ లాగిన్ కావాలి, దానికి ఎవరిని కలవాలి?" ఈ మాట వింటే కౌంటర్ దగ్గర కూర్చున్నవారు మిమ్మల్ని కంప్యూటర్ సెంటర్‌కు పంపరు. "ఇంట్లో రావడం లేదు" అంటే ఇంటర్నెట్ సమస్య అనుకుని పంపుతారు. మీ విషయంలో జరిగింది అదేనని నా అనుమానం.

ఇక లైబ్రరీలో ఫోను. ఇలాంటి కేసు ఒకటి నా కళ్లముందే తేలింది. ఒక విద్యార్థి నా బల్ల ముందు నిలబడి, "సార్, మీ లైబ్రరీలో కూర్చుని కూడా రావడం లేదు" అన్నాడు. గొంతులో కోపం, కళ్లలో నిద్రలేమి. ఫోను ఇటివ్వమన్నాను. తెర పైభాగాన వై-ఫై గుర్తు లేదు, దాని బదులు 4జీ అన్న అక్షరాలు ఉన్నాయి. లైబ్రరీ వై-ఫైలో సిగ్నల్ కాస్త తగ్గగానే ఫోను తనంతట తాను మొబైల్ డేటాకు మారిపోయింది. కూర్చున్నది లైబ్రరీలో, సైటుకు కనిపిస్తున్నది ఫోను కంపెనీ. మొబైల్ డేటా ఆపి, వై-ఫైలో మళ్లీ లాగిన్ చేయించి, పేజీని మరోసారి తెరిపించాను. పీడీఎఫ్ వచ్చేసింది. అతను మూడు వారాలుగా ఆ వ్యాసం కోసం తిరుగుతున్నాడట. ఆ కుర్రవాడు కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. థ్యాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయాడు. నాకు అదే పెద్ద కృతజ్ఞతగా తోచింది.

మీరూ ఈ పరీక్ష చేసి చూడండి. లైబ్రరీ కంప్యూటర్‌లో "నా ఐపీ చిరునామా ఏమిటి" అని గూగుల్‌ను ఆంగ్లంలో అడిగి, వచ్చిన సైటు ఒకటి తెరవండి, ఒక అంకెల వరుస చూపిస్తుంది. అదే ప్రశ్న మీ ఫోనులో అడగండి. రెండూ పూర్తిగా వేరుగా ఉంటే ముందు మొబైల్ డేటా ఆపి మళ్లీ చూడండి. ఒక పెద్ద సంస్థకు అలాంటి వరుసలు ఒకటికి మించి ఉండవచ్చు. అందుకే వై-ఫైలో ఉండి కూడా తెరుచుకోకపోతే ఆ అంకెలు కాగితం మీద రాసుకుని లైబ్రరీకి ఇవ్వండి. వై-ఫైకి కొత్తగా వచ్చిన అంకెలను ప్రచురణ సంస్థలకు ఎవరూ తెలియజేయకపోవడం కూడా అరుదేమీ కాదు. మీరు తెచ్చిన ఆ చిన్న చీటీతో హాస్టళ్లలో ఉన్న వందలమందికి దారి తెరుచుకోవచ్చు.

మూడోది, డిపార్టుమెంటులో కొన్ని వచ్చి కొన్ని రాకపోవడం. ఇది సాంకేతిక లోపం కాకపోవచ్చు. చందా అంటే ప్రపంచంలోని ప్రతి వ్యాసానికీ కట్టినది కాదు. ఒక జర్నల్‌కు ఫలానా సంవత్సరం నుంచే చందా ఉండవచ్చు, పాత సంచికలు విడిగా కొనవలసి ఉండవచ్చు, కొన్ని జర్నళ్లు అసలు జాబితాలోనే లేకపోవచ్చు. తేల్చుకోవడం తేలిక. తెరుచుకోని వ్యాసం ఉన్న జర్నల్‌లోనే వేరే సంవత్సరం వ్యాసం ఒకటి తెరవండి. అది వస్తే మీ నెట్‌వర్క్ బాగానే ఉంది, ముందు తెరుచుకోని ఆ సంచికకే చందా లేకపోవచ్చు. అదీ రాకపోతే అదే ప్రచురణ సంస్థ వేసే మరో జర్నల్ తెరవండి. అదీ రాకపోతే ఇంకొక సంస్థ సైటు చూడండి. ఐదు నిమిషాల పని ఇది. ఎక్కడ ఆగిందో మీకే తెలిసిపోతుంది.

బ్రౌజర్ వల్ల కూడా కొంత తిప్పలు ఉంటుంది గానీ దాన్ని త్వరగా చెప్పి వదిలేస్తాను. నిన్న తెరిచిన పేజీ లింకును దాచుకుని ఈరోజు నొక్కితే, నిన్నటి లాగిన్ గడువు తీరిపోయి పని జరగకపోవచ్చు. ప్రతిసారీ లైబ్రరీ పేజీ నుంచే బయలుదేరండి. కుకీలను, అంటే సైటు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లను, పూర్తిగా ఆపేస్తే ఆ బ్రౌజర్‌లో సంస్థ లాగిన్ మధ్యలో తెగిపోతుంది. అనుమానం వస్తే మరో బ్రౌజర్‌లో ఒకసారి చూడండి.

ఇప్పుడు మీ మెయిల్. ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే. మీరు పంపినది ఇది: "గౌరవనీయులైన సర్, డేటాబేస్ పనిచేయడం లేదు. చాలా ఇబ్బందిగా ఉంది. దయచేసి వెంటనే సరిచేయగలరు." మర్యాదగానే ఉంది. కానీ దాన్ని అందుకున్న మనిషి స్థానంలో కాసేపు కూర్చోండి. చాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఈ ఆన్‌లైన్ వనరుల పని చూసేది ఒకరో ఇద్దరో. ఉదయం మెయిల్ తెరిస్తే ఇలాంటివే అరడజను కనిపిస్తాయి. ఏ డేటాబేస్? ఎక్కడి నుంచి? ఎప్పుడు? తెర మీద ఏమని కనిపించింది? ఏదీ తెలియదు. తన కంప్యూటర్‌లో తెరిచి చూస్తే అన్నీ బాగానే పనిచేస్తాయి, ఎందుకంటే తాను క్యాంపస్‌లో ఉన్నారు. సరిచేయడానికి అక్కడ ఏమీ కనిపించదు. వివరాలు అడుగుతూ తిరిగి రాయడం వారి బాధ్యత. పన్నెండు రోజులు పలకకపోవడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ మీ పని జరగాలి కనుక, వారు అడగవలసినవన్నీ మీరే ముందు రాసేయండి.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. నేను వృక్షశాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థిని, నా ప్రవేశ సంఖ్య ఇది. ఈ నెల 14వ తేదీ రాత్రి 9.40 గంటలకు పుత్తూరులో మా ఇంటి నుంచి, ఫోను హాట్‌స్పాట్‌తో, ల్యాప్‌టాప్‌లో క్రోమ్ బ్రౌజర్ వాడి ఈ వ్యాసం తెరవబోయాను. వ్యాసం పేరు, జర్నల్ పేరు, సంవత్సరం, డీఓఐ సంఖ్య కింద ఇచ్చాను. సంస్థ ద్వారా ప్రవేశించే బటన్ నొక్కి మన విశ్వవిద్యాలయం పేరు ఎంచుకున్నాను. లాగిన్ పేజీ వచ్చింది గానీ నాకు యూజర్ పేరు లేదు. తెర ఫోటో జతచేశాను. మరుసటి రోజు ఉదయం 11 గంటలకు డిపార్టుమెంటు కంప్యూటర్‌లో ఇదే వ్యాసం తెరుచుకుంది. ఇంటి నుంచి వాడుకోవడానికి నాకు లాగిన్ ఇప్పించగలరు. ఈ పనికి వేరెవరినైనా కలవాలంటే వారి పేరు తెలియజేయగలరు."

ఈ మెయిల్‌కు మెయిల్‌లోనే జవాబు చెప్పవచ్చు, అదీ రెండు నిమిషాల్లో. "డిపార్టుమెంటులో తెరుచుకుంది" అన్న ఒక్క ముక్కతో చందా ఉందని తేలింది. "యూజర్ పేరు లేదు" అనడంతో చేయవలసింది ఏమిటో తెలిసిపోయింది. డీఓఐ అంటే ఈ రోజుల్లో చాలా వ్యాసాలకు ఉండే శాశ్వత సంఖ్య, 10తో మొదలవుతుంది, సాధారణంగా వ్యాసం మొదటి పేజీలోనే ఉంటుంది. పేరులో అక్షరం తప్పు పోయినా ఆ సంఖ్యతో వ్యాసం దొరికిపోతుంది. తేదీ, సమయం ఎందుకంటే, ప్రచురణ సంస్థ సర్వర్ ఆ ఘడియకు కొంతసేపు ఆగిపోయి ఉండవచ్చు. లైబ్రరీవారు ఆ సంస్థకో, ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కో రాయవలసి వస్తే అక్కడివాళ్లు మొట్టమొదట అడిగేవి ఇవే: తేదీ, సమయం, ఐపీ చిరునామా, పేజీ చిరునామా, తెర ఫోటో. ఇవి లేని ఫిర్యాదు అక్కడి నుంచి ప్రశ్నలతో తిరిగి వస్తుంది, మరో వారం పోతుంది.

తెర ఫోటో తీసేటప్పుడు ఎర్ర అక్షరాల ముక్క ఒక్కటే కత్తిరించి పంపకండి. పైన చిరునామా పట్టీ నుంచి కింద గడియారం వరకు మొత్తం తెర పంపండి. నా దగ్గరికి వచ్చిన ఫోటోల్లో సగం సమస్యలు ఆ చిరునామా పట్టీలోనే తేలిపోయేవి. పాస్‌వర్డ్ మాత్రం ఫోటోలో గానీ, మెయిల్‌లో గానీ ఎవరికీ పంపవద్దు. సాయం చేసేవారికి యూజర్ పేరు చాలు.

మెయిల్ ఎవరికి పంపాలన్నదీ ముఖ్యమే. కంప్యూటర్ సెంటర్ పని వై-ఫై, వీపీఎన్, ఇంటర్నెట్ వేగం. చందాలు, లాగిన్లు, ప్రచురణ సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలు లైబ్రరీ పని. లైబ్రరీ సాధారణ చిరునామాకు కాక, ఎలక్ట్రానిక్ వనరులు చూసేవారికి పంపి, మీ గైడుకు ఒక ప్రతి పెట్టండి. ఆ బాధ్యత ఎవరిదో తెలియకపోతే, "ఒకే దేశం–ఒకే చందా" పథకానికి మన సంస్థ నోడల్ అధికారి ఎవరని అడగండి.

ఆ పథకం గురించి నాలుగు మాటలు చెప్పాలి, మీ మొహమాటానికి అదే సరైన మందు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న దాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలోని 6,300కు పైగా ఉన్నత విద్యా, పరిశోధన సంస్థలకు అందాలన్నది లక్ష్యం. దాన్ని నడిపే పని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే. మీది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే మీరు చదవబోయే వ్యాసాల్లో చాలావాటికి డబ్బు కట్టేసి ఉంది. ఆ డబ్బు పుత్తూరులో సబ్బు కొన్నప్పుడు కూడా మీ ఇంట్లోవాళ్లు కట్టిన పన్నుల్లోంచి వచ్చిందే. లాగిన్ అడగడం అంటే ఎవరి దగ్గరా చేయి చాచడం కాదు. మీ చేతికి అందవలసినది మధ్యలో ఎక్కడ ఆగిందని అడగడం. ఈ ఉత్తరం చదువుతున్న చిత్తూరు, తిరుపతి జిల్లాల డిగ్రీ కళాశాలల విద్యార్థులకు కూడా ఒక మాట: కళాశాలలకు ఆన్‌లైన్ వనరులు అందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ పథకం ఎన్-లిస్ట్‌లో మీ కళాశాలకు సభ్యత్వం ఉంటే ఒక్కొక్కరికి లాగిన్ కళాశాల ద్వారానే వస్తుంది, అడిగి తీసుకోండి.

నాకిక్కడ పాతూరి నాగభూషణం గారు గుర్తుకొస్తారు. 1930లలో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి, ఒడ్డున ఉన్న పల్లెలకు పంపిన మనిషి. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది ఆ తరం పట్టుదల. పుత్తూరులో రాత్రి తొమ్మిదిన్నరకు మీ ల్యాప్‌టాప్‌లో ఒక వ్యాసం తెరుచుకోవడం నా దృష్టిలో ఆ పడవ ఒడ్డుకు చేరడమే. అది చేరనప్పుడు కేకవేసి పిలవడం పాఠకుల హక్కు. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాసినప్పుడు నాలుగో సూత్రంగా పెట్టింది పాఠకుని సమయం ఆదా చేయమనే. మీ పన్నెండు రోజులు ఎవరికీ లెక్కలేనివి కావు.

మీ స్నేహితురాలు చెప్పిన సైటు గురించి. పేరు రాయలేదు గానీ ఊహించగలను. ఆ దారి తొక్కినవాళ్లను నేను నేరస్థులుగా చూడను, ఏ అవసరం అటు నెడుతుందో నాకు తెలుసు. అయినా వద్దనే చెబుతాను. అలాంటి సైట్ల మీద ప్రచురణ సంస్థలు 2020లో ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి, వాటిని మన దేశంలో నిలిపివేయమని 2025లో కోర్టు ఆదేశించింది. పైగా అదే పేరుతో పుట్టుకొచ్చే నకిలీ సైట్లు మెయిల్ వివరాలు, పాస్‌వర్డ్‌లు లాగడానికే కాచుకుని ఉంటాయి. మీ కోసం చందా కట్టిన గుమ్మం ముందు ఉండగా వెనక గోడ దూకే అవసరం మీకు లేదు.

లాగిన్ వచ్చేలోగా ఈ రాత్రి చేయగలిగినవి ఉన్నాయి. మీ అంశానికి ముందు వెతికే మాట మార్చండి. ఎర్రచందనాన్ని ఆంగ్లంలో రెండు మూడు పేర్లతో పిలుస్తారు, ఒక్కొక్కరు ఒక్కో పేరు వాడతారు. శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్ అన్నదాన్ని ఆంగ్ల అక్షరాల్లో, ముందూ వెనుకా కొటేషన్ గుర్తులు పెట్టి వెతకండి. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్న వ్యాసాలే వస్తాయి. అన్‌పేవాల్ అనే చిన్న అదనపు సాధనాన్ని బ్రౌజర్‌కు తగిలించుకుంటే, మీరు తెరిచిన వ్యాసానికి చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే పక్కన ఆకుపచ్చ తాళం గుర్తు చూపిస్తుంది. దాన్ని నొక్కితే చాలు. మన దేశంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే సైటులో లక్షల్లో ఉన్నాయి. ఎర్రచందనం మన కొండల చెట్టు కనుక దాని మీద మన ప్రాంతపు పరిశోధకులు రాసినవి అక్కడ వెతకండి. వాటి చివరి ఆధార గ్రంథాల పట్టికే మీకు సగం దారి చూపిస్తుంది. కరెంట్ సైన్స్ పత్రిక వ్యాసాలు, కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రచురించే పరిశోధన పత్రికలు వాటి సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి.

ఇవేవీ లేకపోతే రచయితకే రాయండి. వ్యాసం మొదటి పేజీలో మెయిల్ చిరునామా ఉంటుంది. నా పేరు ఇది, నేను ఫలానా పని చేస్తున్నాను, మీ వ్యాసం ప్రతి పంపగలరా అని నాలుగు పంక్తులు చాలు. తమ వ్యాసం ఎవరో చదువుతారంటే సంతోషించని రచయితను నేను ఇంతవరకు చూడలేదు. లైబ్రరీని అంతర్ గ్రంథాలయ సేవ ద్వారా తెప్పించమని కూడా అడగవచ్చు, లైబ్రరీలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్ అనే ఏర్పాటులో సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. ఈ దారులన్నీ ఉండగా నలభై డాలర్లు మాత్రం కట్టకండి.

లాగిన్ వచ్చాక ఒక్క జాగ్రత్త. ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి ఒకేసారి వందల వ్యాసాలు దించుకోవద్దు. నేను పనిచేసినచోట ఒక శనివారం సాయంత్రం ఒక పెద్ద ప్రచురణ సంస్థ సైటు క్యాంపస్ మొత్తానికి మూసుకుపోయింది. ఎవరో విద్యార్థి ఒక జర్నల్ సంచికలన్నీ వరసగా దించే కార్యక్రమం నడిపి నిద్రపోయాడు. ఆ వేగం మనిషిది కాదని గుర్తించి అక్కడి యంత్రాలు మా అంకెలన్నిటినీ ఆపేశాయి. సోమవారం ఉదయం దాకా ఎవరికీ ఏమీ తెరుచుకోలేదు. ఆ రెండు రోజులూ సిద్ధాంత గ్రంథం గడువు దగ్గరపడిన అమ్మాయి ఒకరు మా మెట్ల మీదే కూర్చున్నారు. లాగిన్‌ను స్నేహితులకు ఇచ్చినా ఇదే ప్రమాదం, నమోదయ్యేది మీ పేరే.

కొత్త మెయిల్ ఈ రాత్రే పంపండి. రెండు పనిదినాలు చూడండి. జవాబు రాకపోతే మెయిల్ ప్రతి ఒకటి ముద్రించుకుని, ల్యాప్‌టాప్‌తో సహా లైబ్రరీకి వెళ్లండి. మధ్యాహ్న భోజనాల తరువాత, మూడు గంటల ప్రాంతంలో వెళ్తే కౌంటర్ల దగ్గర రద్దీ తక్కువ. ఆ విభాగం చూసేవారి పక్కన కూర్చుని, ఇల్లు అనుకుని మీ ఫోను హాట్‌స్పాట్ పెట్టి, వ్యాసం తెరిచి, వారి కళ్లముందే ఆ ధరల పట్టిక రానివ్వండి. లాగిన్ చేతికి వచ్చాక కూడా అక్కడే, హాట్‌స్పాట్ మీదే, ఒక పీడీఎఫ్ పూర్తిగా దిగేదాకా లేవకండి. ఛార్జర్ మరిచిపోవద్దు.